ఎంత తెచ్చుకున్నాం, ఎంత తిరిగి ఇచ్చాం: టొరెంట్లలో అప్‌లోడ్, డౌన్‌లోడ్ రేషియో లెక్క

ఒక చలికాలం రాత్రి రాయగడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, 97.4 శాతం దగ్గర ఆగిపోయింది. నాలుగు రోజులైంది, అంగుళం కదల్లేదు" అన్నాడు. బరంపురంలో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తన దగ్గరున్న పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, మొత్తం 700 ఎంబీ ఫోల్డరును టొరెంట్‌గా, అంటే దించుకునేవాళ్లు ఒకరికొకరు ముక్కలు పంచుకునే పద్ధతిలో, పెట్టారు. పర్లాకిమిడిలో నేను, గుణుపురంలో ఒకరు, జయపురంలో ఒకరు, రాయగడలో ఈ తమ్ముడు దించుకోవడం మొదలుపెట్టాం. ముగ్గురికి పూర్తయింది. పూర్తవగానే ముగ్గురమూ టొరెంట్‌ను జాబితాలోంచి తీసేశాం. మాస్టారికి ఫోన్ చేస్తే, "బాబూ, నేను విశాఖలో అమ్మాయి దగ్గరున్నాను. ఇంట్లో కంప్యూటర్ ఆపేసి వచ్చాను" అన్నారు.

ఆ రాత్రి మేం మా రేషియోలు, అంటే దించుకున్నదానికి ఎంత వంతు తిరిగి పంపామో చెప్పే అంకెలు, చూసుకున్నాం. మాస్టారిది 3.1. నాది 0.42. గుణుపురం 0.31, జయపురం 0.14. రాయగడ తమ్ముడిది దాదాపు సున్నా. ఈ అంకెలు ఏం చెబుతున్నాయో, ఏం చెప్పడం లేదో అప్పటిదాకా నాకు సరిగ్గా తెలియదు. అప్పటి నుంచి నేర్చుకున్నదంతా వరుసగా రాస్తున్నాను. ఒడిశా సరిహద్దులో తెలుగు చదువుకునే మనకు ఇది బాగా అవసరం. గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల్లో పాత తెలుగు పుస్తకం దుకాణంలో దొరకదు. ఎవరో ఒకరి కంప్యూటర్‌లో ఉంటేనే ఉన్నట్టు.

మొదటి అడుగు: ఫైలు ఎలా ప్రయాణిస్తుందో తెలుసుకోండి

మామూలు డౌన్‌లోడ్‌లో ఒక సర్వర్ ఉంటుంది, అందరూ దాని దగ్గరికే వెళ్తారు. బిట్‌టొరెంట్‌లో అలా కాదు. 2001లో బ్రామ్ కోహెన్ తయారుచేసిన ఈ పద్ధతిలో ఫైలును ముక్కలుగా విడగొడతారు. ఒక్కో ముక్క కొన్ని వందల కేబీల నుంచి కొన్ని ఎంబీల దాకా ఉంటుంది. ప్రతి ముక్కకూ ఒక హ్యాష్ ఉంటుంది. దాన్ని ఆ ముక్క వేలిముద్ర అనుకోవచ్చు. మీకు ముక్క అందగానే క్లయింట్ (మీ కంప్యూటర్‌లో టొరెంట్లను నడిపే ప్రోగ్రాం) వేలిముద్ర సరిచూస్తుంది, తేడా ఉంటే పారేసి మళ్లీ అడుగుతుంది. అందుకే ముక్కలు ముక్కుమొహం తెలియనివాళ్ల నుంచి వచ్చినా, టొరెంట్ పెట్టినవాళ్లు ఏ ఫైలు పెట్టారో అదే మీకు చేరుతుంది.

అన్ని ముక్కలూ ఉన్నవాడు సీడర్. ఇంకా దించుకుంటున్నవాడిని పీర్ అంటారు, కొందరు లీచర్ అంటారు. వీళ్లందరి గుంపు స్వార్మ్. దించుకుంటున్నవాడు కూడా తన దగ్గర ఉన్న ముక్కలను మిగతావాళ్లకు ఇస్తూ ఉంటాడు. ఫైలు మొత్తం వచ్చాకే ఇవ్వడం మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, మొదటి ముక్క చేతికి రాగానే ఇవ్వడం మొదలవుతుంది. క్లయింట్ కూడా గుంపులో తక్కువమంది దగ్గర ఉన్న ముక్కనే ముందు తెచ్చుకోవాలని చూస్తుంది. ఒక ముక్క ఒక్కరి దగ్గరే ఉండి, ఆ ఒక్కరూ వెళ్లిపోతే అందరూ ఆగిపోతారు కాబట్టి ఈ ఏర్పాటు.

సీడ్ అంటే విత్తనం. ఈ పేరు నాకు చాలా నచ్చింది. గాదెలో విత్తనం గింజలు తినకుండా దాచుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు.

రెండో అడుగు: రేషియోను చేత్తో ఒకసారి లెక్కకట్టండి

రేషియో అంటే మీరు పైకి పంపినదాన్ని మీరు దించుకున్నదానితో భాగిస్తే వచ్చే అంకె. 700 ఎంబీ దించుకుని 350 ఎంబీ పంపితే 0.50. 700 పంపితే 1.00. 1,400 పంపితే 2.00. పక్కింటి నుంచి కుంచం గింజలు తెచ్చుకుని కుంచం తిరిగి కొలిస్తే 1 అన్నట్టు.

క్లయింట్‌లో రెండు రకాల రేషియోలు కనిపిస్తాయి. ఒకటి ఒక్కో టొరెంట్‌ది, రెండోది మీరు ఆ క్లయింట్ వాడటం మొదలుపెట్టినప్పటి నుంచి మొత్తానిది. ఈ రెండింటినీ కలిపేసుకోకండి. మొత్తం రేషియో 1.8 ఉన్నంత మాత్రాన నిన్న దించుకున్న పుస్తకానికి మీరు ఏమైనా ఇచ్చారని కాదు.

ఇంకో చిక్కు ఉంది. మాస్టారు ఆ ఫైలును దించుకోలేదు, అది ఆయన సొంతం. ఆయన డౌన్‌లోడ్ సున్నా. సున్నాతో భాగించలేం కాబట్టి కొన్ని క్లయింట్లు అనంతం గుర్తు చూపిస్తాయి, కొన్ని ఫైలు సైజుతో భాగించి చూపిస్తాయి. ఆయనది 3.1 అని కనిపించిందంటే రెండో పద్ధతిలో లెక్కకట్టిందన్నమాట, అంటే ఆయన దాదాపు 2,170 ఎంబీ పంపారు. అలాగే వేలిముద్ర సరిపోక పారేసిన ముక్కలు ఉంటే, మీ డౌన్‌లోడ్ అంకె ఫైలు సైజు కన్నా కాస్త ఎక్కువ కనిపించవచ్చు. కంగారు పడక్కర్లేదు.

మూడో అడుగు: అందరికీ 1 రాదని అర్థం చేసుకోండి

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే, దీన్ని తీరిగ్గా చదవండి.

గుంపులో ఒకరు దించుకున్న ప్రతి ఎంబీ ఇంకొకరు పంపినదే. అంటే గుంపు మొత్తంలో డౌన్‌లోడ్ ఎంతో అప్‌లోడ్ అంతే. మా విషయంలో నలుగురం దించుకుంటున్నాం. అందరికీ పూర్తయితే మొత్తం డౌన్‌లోడ్ 2,800 ఎంబీ, కాబట్టి మొత్తం అప్‌లోడ్ కూడా 2,800. ఇందులో మాస్టారు కనీసం 700 ఎంబీ పంపి తీరాలి, ఎందుకంటే ప్రతి ముక్కా ఒక్కసారైనా ఆయన దగ్గర నుంచి బయటికి రావాలి. ఇక మిగిలింది 2,100. దాన్ని మా నలుగురికీ పంచితే తలా 525 ఎంబీ, అంటే 0.75. ఎంత బాగా పంచుకున్నా నలుగురి సగటు అంతకు మించదు. ముగ్గురికి 1.00 వచ్చిందంటే నాలుగోవాడికి సున్నాయే మిగులుతుంది.

ఆ నాలుగోవాడు ఎవరు? చివర వచ్చినవాడు. అతను ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా అడిగేవాళ్లు ఉండరు. రాయగడ తమ్ముడి రేషియో సున్నా దగ్గర ఉన్నది అతను పిసినారి కాబట్టి కాదు, అందరికన్నా ఆలస్యంగా చేరాడు కాబట్టి. నాది 0.42 కాబట్టి నేను అతనికన్నా మంచివాణ్ణి కూడా కాదు. నేను రెండు రోజులు ముందు చేరాను, అంతే. పైగా మాస్టారు 3.1 పంపేశారు కాబట్టి, మా నలుగురికీ కలిపి మిగిలింది 0.9 లోపే.

కాబట్టి ఎప్పుడూ కొత్తవాళ్లు వచ్చే పెద్ద టొరెంట్ అయితే 1.0 దాటడం తేలికే, ఆ లక్ష్యం పెట్టుకోండి. మనవాళ్లు పంచుకునే చిన్న గుంపుల్లో రేషియో అంకె కన్నా ఎంతకాలం అందుబాటులో ఉన్నారన్నదే చూడాలి. నెల రోజుల్లో ఎవరూ అడగకపోతే రేషియో 0.10 దగ్గరే ఉంటుంది. ముప్పై ఒకటో రోజున ఒక పిల్లవాడు ఆ పుస్తకం కోసం వస్తే, ఆ 0.10 మనిషే దిక్కు.

నాలుగో అడుగు: రేషియోను ఎవరు చూస్తారో తెలుసుకోండి

"నా రేషియో తక్కువ, అందుకే నాకు స్పీడ్ రావట్లేదు" అని చాలామంది టెన్షన్ పడతారు. బహిరంగ టొరెంట్లలో ఇది నిజం కాదు. ఎదుటి క్లయింట్‌కు మీ పాత రేషియో తెలియదు, అడగదు కూడా. అది చూసేది ఒకటే: ఈ కొద్ది సెకన్లలో మీరు తనకు ఎంత వేగంగా ఇస్తున్నారు? మొదటి నుంచి ఉన్న పద్ధతి ప్రకారం ప్రతి 10 సెకన్లకు ఒకసారి లెక్క చూసుకుని, తనకు ఎక్కువ ఇస్తున్న కొద్దిమందికి తానూ ఇస్తుంది. ప్రతి 30 సెకన్లకు ఒకసారి, ఇంకా ఏమీ ఇవ్వని ఒకరికి కూడా అవకాశం ఇస్తుంది. కొత్తగా వచ్చినవాడి చేతిలో ఇవ్వడానికి ఏమీ ఉండదు కదా, వాడు మొదలుపెట్టేది ఆ అవకాశంతోనే.

దీనివల్ల ఆచరణలో తేలేది ఏమిటంటే, అప్‌లోడ్‌ను మరీ బిగించేస్తే మీ డౌన్‌లోడే నెమ్మదిస్తుంది.

గుంపులో ఎవరెవరు ఉన్నారో చెప్పే సర్వర్‌ను ట్రాకర్ అంటారు. రేషియో ఖాతా రాసిపెట్టేది ప్రైవేట్ ట్రాకర్లు మాత్రమే. అక్కడ సభ్యత్వం ఉంటుంది, కనీస రేషియో ఉంటుంది, దించుకున్నాక ఇన్ని గంటలు సీడ్ చేయాలన్న నియమం ఉంటుంది. కొన్ని ఫైళ్లకు డౌన్‌లోడ్ లెక్కలోకి రాదు, అప్‌లోడ్ మాత్రమే వస్తుంది. వాటిని ఫ్రీలీచ్ అంటారు. దొంగ అంకెలు పంపి రేషియో పెంచే ప్రోగ్రాములు ఉన్నాయి, వాటి జోలికి పోకండి. ఒకరు పంపామంటున్నది ఇంకొకరు అందుకున్నామంటున్న దానితో సరిపోకపోతే ట్రాకర్ పట్టుకోగలదు. ఆ పద్ధతి వల్ల ఎవరికీ ఒక్క ముక్క కూడా చేరదు. ఆ ట్రాకర్లలో చాలావాటిలో తిరిగేది హక్కులున్న సినిమాలే కాబట్టి వాటి గురించి ఇంతకన్నా రాయను.

ఐదో అడుగు: ఏది పంచవచ్చో ముందే తేల్చుకోండి

టొరెంట్ వాడటం నేరం కాదు. హక్కులు ఇతరులవైన సినిమా, పాట, పుస్తకం అనుమతి లేకుండా పంచడం 1957 కాపీరైట్ చట్టం ప్రకారం తప్పు. ఇక్కడ దించుకోవడం అంటేనే పంచడం కూడా కాబట్టి "నేను చూడటానికే దించుకున్నాను" అన్న మాట నిలబడదు. గుంపులో ఉన్న ప్రతివారికీ మీ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే అంకె) కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

పుస్తకాల విషయంలో మన దేశంలో లెక్క ఇది: రచయిత చనిపోయిన ఏడాది ముగిసిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. మా ఊరి రాజావారి పాఠశాలలో 1880లో ఉపాధ్యాయుడిగా చేరి, వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1940లో కన్నుమూశారు. 1941 మొదలు 60 ఏళ్లు, అంటే 2000 చివరితో ఆయన రచనలపై హక్కులు ముగిశాయి. వాటిని ఎవరైనా స్కాన్ చేసి పంచవచ్చు. ఒక జాగ్రత్త: ఇటీవలి ముద్రణలో వేరొకరు రాసిన ముందుమాట, వ్యాఖ్యానం, బొమ్మలు ఉంటే వాటి హక్కులు వేరు. మాస్టారు పాత ముద్రణలనే స్కాన్ చేశారు, ఒకచోట కొత్త పీఠిక ఉంటే ఆ పేజీలు తీసేశారు.

ఇవి కాక ఉబుంటు, డెబియన్ లాంటి లైనక్స్ వ్యవస్థలు, లిబ్రెఆఫీస్ తమ టొరెంట్లను తామే ఇస్తాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా పుస్తకాల పక్కన టొరెంట్ లింకు ఉంటుంది. ఇంటర్నెట్ లేకుండా వికీపీడియా చదువుకునేలా కివిక్స్ ఇచ్చే ఫైళ్లనూ ఇలాగే తెచ్చుకోవచ్చు. నేర్చుకోవడానికి వీటితో మొదలుపెట్టండి.

ఆరో అడుగు: మీ లైను ఎంత మోయగలదో కొలవండి

క్లయింట్‌గా క్యూబిట్‌టొరెంట్ గానీ ట్రాన్స్‌మిషన్ గానీ వాడండి. రెండూ ఉచితం, ప్రకటనలు ఉండవు. వాటి సొంత సైట్ల నుంచే తెచ్చుకోండి. ఫోన్‌లో అయితే లిబ్రెటొరెంట్ ఉంది.

ముందు యూనిట్ల గందరగోళం తీర్చుకోండి. ప్లాన్ కాగితం మీద 40 ఎంబీపీఎస్ అని ఉంటే అవి మెగాబిట్లు. క్లయింట్ చూపించేది బైట్లు. 8తో భాగించాలి. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 ఎంబీ. ప్లాన్ పేరులో ఉన్న వేగం డౌన్‌లోడ్‌ది మాత్రమే కావచ్చు, అప్‌లోడ్ వేగం అంతకన్నా తక్కువ ఉండొచ్చు. స్పీడ్ టెస్ట్ పెట్టి అప్‌లోడ్ అంకెను విడిగా రాసుకోండి. పగలు ఒకసారి, రాత్రి 9 తర్వాత ఒకసారి కొలవండి.

కొలిచిన అప్‌లోడ్‌లో 80 శాతం దగ్గర పరిమితి పెట్టండి. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వస్తే అది సెకనుకు 2,500 కేబీ, పరిమితి 2,000 కేబీ. ఎందుకంటే మీరు ఏదైనా దించుకునేటప్పుడు "అందింది, అందింది" అని మీ వైపు నుంచి చిన్న చిన్న జవాబులు పైకి వెళ్తూ ఉండాలి. అప్‌లోడ్ నిండిపోతే ఆ జవాబులు వరుసలో ఇరుక్కుంటాయి, డౌన్‌లోడ్ కుంటుతుంది, ఇంట్లో వాళ్ల వీడియో కాల్ ఆగుతుంది. "నీ టొరెంట్ వల్లే ఇదంతా" అని తిట్లు పడేది అప్పుడే. ఈ ఒక్క పరిమితితో మా ఇంట్లో గొడవ తగ్గింది.

క్యూబిట్‌టొరెంట్‌లో ప్రత్యామ్నాయ వేగ పరిమితులు అని ఇంకో జత ఉంటుంది, దానికి టైము పెట్టుకోవచ్చు. నేను ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా 200 కేబీ, రాత్రి పది దాటాక 2,000 కేబీ పెట్టాను. ఒక్కో టొరెంట్‌కు ఎంతమందికి ఒకేసారి పంపాలన్న అంకెను పెంచకండి. 200 కేబీని 40 మందికి పంచితే తలా 5 కేబీ, ఎవరికీ కడుపు నిండదు. నలుగురికి 50 చొప్పున ఇస్తే వాళ్లు త్వరగా ముక్కలు పూర్తిచేసి మరో నలుగురికి ఇస్తారు.

టైము లెక్క కూడా వేసుకోండి. సెకనుకు 200 కేబీ చొప్పున 700 ఎంబీ పంపడానికి 3,500 సెకన్లు, అంటే గంటకు రెండు నిమిషాలు తక్కువ. 5.8 జీబీ లైనక్స్ ఫైలుకు 1.0 రావాలంటే అదే వేగంతో ఎనిమిది గంటలు. అదీ అడిగేవాళ్లు ఆపకుండా ఉంటేనే.

ఏడో అడుగు: మొబైల్ డేటా మీద ఉంటే ఆగి ఆలోచించండి

మొదట్లో ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. రోజుకు 1.5 జీబీ ప్యాక్, ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్. 700 ఎంబీ దించుకున్నాను, సగం మిగిలే ఉంటుందనుకుని మూత వేయకుండా పడుకున్నాను. పొద్దున్నకి ఆ రోజు డేటా అయిపోయింది. అప్‌లోడ్ కూడా డేటాలోనే కోత పడుతుందని నాకు తట్టలేదు. 700 దించుకుని రేషియో 1.0 తెస్తే 1.4 జీబీ ఖర్చు. ఇంటికి అవసరమైన ఫారం నింపడానికి కూడా ఆ రోజు ఇంటర్నెట్ లేదు.

కాబట్టి మొబైల్ మీద రేషియో పరిమితిని 0.3 దగ్గర పెట్టుకున్నా తప్పు లేదు. ఫోన్‌లో "వైఫై మీద మాత్రమే" అన్న సెట్టింగ్ ఆన్ చేయండి. ఫైబర్ ఉన్నవాళ్లు కూడా నెలవారీ పరిమితి ఎంతో ప్లాన్ కాగితంలో చూడండి, సాధారణంగా రాకపోకలు రెండూ కలిపే లెక్కిస్తారు. కొండ ఊళ్లలో మొబైల్ డేటా తప్ప దారి లేనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ బరువు ఫైబర్ ఉన్నవాళ్లు మోయాలి.

ఎనిమిదో అడుగు: తలుపు తెరిచి ఉందో లేదో చూడండి

రేషియో సున్నా దగ్గర నిలిచిపోవడానికి సాధారణంగా కారణం ఇదే. సీడ్ చేస్తున్నారు, అడిగేవాళ్లూ ఉన్నారు, అయినా ఒక్క కేబీ కూడా వెళ్లదు.

రాయగడ తమ్ముడి కోసం ఆ రాత్రే నా ఫోల్డరును తిరిగి సీడింగ్‌లో పెట్టాను. రెండు గంటలు చూశాం. నాకు అతను కనిపించడు, అతనికి నేను కనిపించను. రౌటర్ పేజీ తెరిచి బయటి చిరునామా చూస్తే 100తో మొదలైంది. అక్కడ విషయం తేలింది.

ఐపీవీ4 అనే పాత రకం చిరునామాలు చాలక, కంపెనీలు వందల ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక పెడతాయి. దీన్ని సీజీన్యాట్ అంటారు. ఒకే గేటు ఉన్న పెద్ద కాలనీ లాంటిది. లోపలివాళ్లు బయటికి వెళ్లగలరు కానీ, బయటివాడు గేటు దగ్గరికి వచ్చి మీ ఇల్లు అడిగితే చెప్పేవాళ్లు ఉండరు. మొబైల్ నెట్‌వర్కుల్లో ఇది మామూలే, చాలా ఫైబర్ కనెక్షన్లలోనూ ఉంటుంది. ఒకరు గేటు వెనక, ఒకరు బయట ఉంటే లోపలివాడు బయటివాడి దగ్గరికి వెళ్తాడు, పని జరుగుతుంది. ఇద్దరూ గేట్ల వెనకే ఉంటే సాధారణంగా కలవలేరు. మా ఇద్దరి పరిస్థితీ అదే. అప్పటిదాకా అందరికీ అందింది మాస్టారి లైను బయటికి తెరిచి ఉండటం వల్ల.

మీరు ఇలా చూసుకోండి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఉన్న అంకె రాసుకోండి. నా ఐపీ ఏమిటని బ్రౌజర్‌లో వెతికితే ఇంకో అంకె వస్తుంది. రెండూ ఒకటే అయితే మంచిది: రౌటర్‌లో యూపీఎన్‌పీ (తలుపును దానంతటదే తెరిచే సెట్టింగ్) ఆన్ చేయండి, లేదా క్లయింట్‌లో ఉన్న పోర్టు నంబరును (అదే తలుపు నంబరు) రౌటర్‌లో మీ కంప్యూటర్‌కు ఫార్వర్డ్ చేయండి. పోర్టుకు 49152కు, 65535కు మధ్య ఒక అంకె తీసుకుని మార్చకుండా ఉంచండి. రెండు ఐపీలూ వేరై, వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీన్యాట్. అప్పుడు పోర్టుతో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. కనెక్షన్ ఇచ్చినవాళ్లను పబ్లిక్ ఐపీ అడగండి, కొందరు నెలకు కొంత అదనంగా తీసుకుని ఇస్తారు. ఐపీవీ6 అనే కొత్త రకం చిరునామా ఉంటే రౌటర్‌లోనూ క్లయింట్‌లోనూ దాన్ని ఆన్ చేయండి, ఇంటింటికీ సొంత చిరునామా ఉంటుంది కాబట్టి గేటు సమస్య తగ్గుతుంది. అయితే బయటి నుంచి వచ్చేవాళ్లను రౌటర్ ఫైర్‌వాల్ ఆపుతోందేమో చూడాలి.

నేను పబ్లిక్ ఐపీ తీసుకున్నాను. మర్నాడు సాయంత్రం పోర్టు తెరిచాను. అతనికి కావలసింది 700లో 2.6 శాతం, 18 ఎంబీ. రెండు నిమిషాలు పట్టలేదు. నాలుగు రోజులు ఆగిన పని.

గుంపు చిన్నదైతే కనీసం ఒక్కరి తలుపైనా తెరిచి ఉండాలి. ఎవరిదో ముందే అనుకోండి.

తొమ్మిదో అడుగు: ఎప్పుడు ఆపాలో నిర్ణయించండి

క్యూబిట్‌టొరెంట్‌లో ఐచ్ఛికాలు తెరిచి, బిట్‌టొరెంట్ భాగంలో కిందికి వెళ్తే సీడింగ్ పరిమితులు ఉంటాయి. రేషియో ఇంత చేరినప్పుడు, లేదా సీడింగ్ ఇన్ని నిమిషాలు అయినప్పుడు ఆపు అని చెప్పవచ్చు. రెండూ పెడితే ఏది ముందు చేరితే దానికి ఆగుతుంది. ఆపినప్పుడు ఏం చేయాలన్న చోట ఫైళ్లను తొలగించేది పొరపాటున కూడా ఎంచుకోకండి.

లైనక్స్ లాంటి పెద్ద గుంపులకు నేను 2.0 పెడతాను. అక్కడ వందలమంది ఉంటారు, నేను లేకపోయినా ఆగదు. తెలుగు పుస్తకాల టొరెంట్లకు పరిమితి పూర్తిగా తీసేశాను. ఒక్కో టొరెంట్ మీద రైట్ క్లిక్ చేసి విడిగా ఇలా పెట్టుకోవచ్చు.

వెళ్లిపోయే ముందు, ఇంకా దించుకుంటున్నప్పుడే అవైలబిలిటీ అన్న అంకె చూడండి, పూర్తయ్యాక కొన్ని క్లయింట్లు దాన్ని చూపించవు. గుంపులో మొత్తం ఎన్ని పూర్తి కాపీలు ఉన్నాయో అది చెబుతుంది. 5.3 ఉంటే నిశ్చింతగా వెళ్లవచ్చు. 1 కన్నా తక్కువైతే ఎక్కడా పూర్తి పుస్తకం లేనట్టే. ఆ రోజు తమ్ముడి తెర మీద 0.974 ఉంది. రేషియో కన్నా ముందు ఆ అంకెనే చూసి ఉంటే మేం ముగ్గురం వెళ్లిపోయేవాళ్లం కాదు.

పదో అడుగు: మీరే పెట్టేటప్పుడు

స్కాన్లు, పేర్లు, ఫోల్డర్లు అన్నీ ఖరారు చేసుకున్నాకే టొరెంట్ తయారుచేయండి. తర్వాత ఒక్క పేజీ తిప్పినా, ఒక్క ఫైలులో అచ్చుతప్పు దిద్దినా వేలిముద్ర మారి పాత గుంపుకు మీ ఫైలు పనికిరాదు. దిద్దాలనుకుంటే వేరే కాపీ తీసుకుని దిద్దండి.

తెలుగు పేర్లు పెట్టేవాళ్లకు ఒక మాట. కంప్యూటర్‌లో ఒక్కో తెలుగు అక్షర గుర్తుకు 3 బైట్లు పడతాయి, గుడింతాలు, పొల్లు విడిగా లెక్క. "పర్లాకిమిడి" అన్న ఒక్క మాటకే 33 బైట్లు. లైనక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. పుస్తకం పేరు, రచయిత, ముద్రణ ఏడాది, ఊరు అన్నీ తెలుగులో రాస్తే దాటిపోతుంది, అవతలివాడికి ఫైలు రాయలేకపోయానన్న ఎర్రర్ వస్తుంది. పేరు చిన్నగా పెట్టి, వివరాలు ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలులో రాయండి.

ప్రైవేట్ అన్న పెట్టెలో టిక్ పెట్టకండి. పెడితే డీహెచ్‌టీ ఆగిపోతుంది. ట్రాకర్ లేకుండా మనుషులు ఒకరినొకరు వెతుక్కునే దారి అదే. "మనవాళ్ల మధ్యే కదా" అని టిక్ పెట్టి ట్రాకర్ ఇవ్వకపోతే ఎవరికీ ఎవరూ దొరకరు. మొదటి కాపీ పంపేటప్పుడు సూపర్ సీడింగ్ ఆన్ చేస్తే, ఒక్కొక్కరికీ వేర్వేరు ముక్కలు ఇచ్చి వాళ్ల మధ్య పంచుకునేలా చేస్తుంది. అప్‌లోడ్ తక్కువ ఉన్నవాళ్లకు అది మేలు. మాస్టారు అది వాడి ఉంటే 3.1 కన్నా తక్కువతో సరిపోయేదేమో. ఒక పూర్తి కాపీ బయటపడ్డాక దాన్ని ఆఫ్ చేయండి.

కంప్యూటర్ మార్చినా, కరెంటు పోయి హఠాత్తుగా ఆగినా

ఫోల్డరును కొత్త డిస్కుకు కాపీ చేసుకోండి, టొరెంట్ ఫైలునో (ముక్కల వేలిముద్రలు ఉండే చిన్న ఫైలు) మ్యాగ్నెట్ లింకునో (దాని బదులు పనిచేసే లింకు) మళ్లీ జోడించండి, సేవ్ చేసే చోటుగా ఆ ఫోల్డరు ఉన్న స్థలాన్నే చూపించండి, తర్వాత ఫోర్స్ రీచెక్ నొక్కండి. ముక్కలన్నీ సరిచూసుకుని 100 శాతం చూపిస్తుంది, ఒక్క ఎంబీ కూడా మళ్లీ దించుకోదు. రేషియో మాత్రం సున్నా నుంచి మొదలవుతుంది. పోనివ్వండి. టొరెంట్ ఫైలును పుస్తకాల పక్కనే దాచుకోండి, అది పోతే అదే గుంపులోకి తిరిగి వెళ్లడం కష్టం.

ఇప్పుడు మా ఐదిళ్లలో వంతులు ఉన్నాయి. రాత్రి పది తర్వాత నాది, మాస్టారిది నడుస్తాయి. ఆదివారం పగలు గుణుపురం, జయపురం. రాయగడ తమ్ముడు మొబైల్ డేటా మీదే ఉన్నాడు, అతనికి వంతు పెట్టలేదు. అయినా సెలవులకు మా ఊరు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ మా వైఫైకి తగిలిస్తాడు. అతని రేషియో మొన్న చూస్తే 0.08. ఆ 56 ఎంబీ వెళ్లింది విజయనగరంలో ఎవరో కొత్తవాళ్లకట.